బడి విడిచిన పిమ్మట

బాలుని విద్య బడిలోనే ముగియునని తలంచుట ఇటీవలి అలవాటు. పూర్వము వీధిబడి విడిచిన పిదప పిల్లలు దీపము ముందర కూర్చుండి ఎక్కములు, అమరము వల్లెవేయుచుండిరి. ప్రొద్దుగ్రుంకిన తరువాత దేవాలయ మంటపమున భారత భాగవతముల పురాణ కాలక్షేపము జరుగుచుండెను. అక్షరములు రాని పసివాడును అచ్చట కథ విని పద్యము పట్టుకొనెడివాడు. అయితే ఆ మంటపము మెట్లెక్కుటకు అందరికిని అధికారము లేకపోయెను. అస్పృశ్యులుగా నెంచబడిన కులముల బాలురు దూరముననే నిలిచిరి. ఆడపిల్లకు ఇంటిపని యుండనే యుండెను. కావున గ్రంథాలయోద్యమ చరిత్రను నేను పుస్తకముల చరిత్రగా గాక, సాయంకాలపు తలుపు ఎవరికి తెరువబడెనను చరిత్రగా చదువుచుందును.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. రాజభాష ఉర్దూగా నున్న ఆ కాలమున, తెలుగు విద్యార్థికి తన ఇంటి భాషలో చదువుకొనుటకు బడి వెలుపల దొరకిన చోటు అది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు మొదలగువారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. దాని తొలి ప్రచురణములలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి ఆబ్రహాము లింకను చరిత్రము ఒకటి. ఎంత తగిన ఎన్నిక! బడిలో మొత్తముమీద ఒక ఏడాదియైన గడుపక, పని తీరిన వేళల అరువు పుస్తకములు చదివి పైకి వచ్చినవాడు గదా లింకను.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల ప్రథమ మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ప్రాణము. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు. చిన్ననాటినుండి రేచీకటితో బాధపడిన ఆ కవియే రాజమహేంద్రవరమున హరిజన బాలురకు బడి పెట్టినవారు. ఉద్యమమున చేరిన పలు గ్రంథాలయములు రాత్రి పాఠశాలలను నడపినవి. పగలు పసులు కాచు బాలునకు అవియే బడులు.

లెక్కలు వ్రాయువాడను గనుక నాకొకటి తోచును. పుస్తకము కొనుట ఒకనాటి ఖర్చు. దీపమునకు చమురు దినదినపు ఖర్చు. మొదటిదానికి చందాలు సులభముగా వచ్చును, రెండవదానికి రావు. రాత్రి బడులు పలుచోట్ల మూతపడుటకు చదువుపై అనాదరముకంటె ఈ చమురు ఖర్చే హెచ్చు కారణమని నా అభిప్రాయము.

రాలేనివారి యొద్దకు పుస్తకమే పోవలెనని 1935లో పాతూరి నాగభూషణము గారు కాలువలో పడవపై గ్రంథాలయమును నడపించిరి. నల్లగొండ ప్రాంతమున 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు బాల్యముననే తండ్రిని కోల్పోయి, ఉపాధ్యాయుల ఇండ్ల వంటచేయుచు చదువు నేర్చిరి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. పని తీరిన పిమ్మట చదువు దొరకిన ఒక్క బాలుడు ఎందరికి చదువు పంచెనో చూడుడు.

1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వచ్చి, ఇంటిపన్నుపై గ్రంథాలయ సుంకము ఏర్పడినది. చందాదారుల దయపై వెలిగిన దీపమునకు చట్టమే చమురు పోసినది. వసూలైన సుంకము గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేరుట లేదను ఫిర్యాదు మాత్రము నేటికిని పలుచోట్ల వినబడుచున్నది.

మన గ్రంథాలయము సంగతి. సాయంకాలము బల్లలయొద్ద బాలురు కనబడుదురు గాని బాలికలు అరుదు. బడి విడిచి, ఇంటిపని తీర్చి, చీకటిపడకముందే ఇల్లు చేరవలసిన పిల్లకు మనము తెరచియుంచు వేళ ఎట్లు కుదురును? ఆదివారము ఉదయము రెండు గంటలు వారికొరకే తెరువవలెనని కార్యవర్గమునకు నా ప్రతిపాదనము. దానికి దీపపు ఖర్చుకూడ నుండదు.