ట్రికిల్ ఛార్జింగ్: నిండిన బ్యాటరీకి సన్నని ధార
వాడకుండా పక్కన పెట్టినా బ్యాటరీలోని విద్యుత్తు అంతర్గత రసాయన చర్యల వల్ల కొద్దికొద్దిగా తరిగిపోతుంది. ఆ నష్టానికి సరిపడేంత స్వల్ప కరెంటును నిరంతరం అందించడమే ట్రికిల్ ఛార్జింగ్.

ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నిండాక ఛార్జర్ వోల్టేజీని సుమారు 13.5-13.8 వద్ద నిలుపుతుంది. అప్పుడు బ్యాటరీ తనకు అవసరమైనంత కరెంటునే తీసుకుంటుంది. నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే పలకలపై లెడ్ సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యం పడిపోతుంది. వోల్టేజీ మితిమీరితే మరో ముప్పు: లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది. హైడ్రోజన్ మండే వాయువు కనుక గాలి ఆడని గదిలో ఈ బ్యాటరీలను ఉంచరాదు. డిస్టిల్డ్ వాటర్ మరీ తరచుగా పోయాల్సి వస్తుంటే ముందుగా ఛార్జర్‌నే అనుమానించాలి.

లిథియం అయాన్ బ్యాటరీలకు మాత్రం ఇది పనికిరాదు. నిండిన తర్వాతా కరెంటు చేరుతుంటే లోపల లిథియం లోహరూపంలో పేరుకుని షార్ట్ సర్క్యూట్‌కు దారితీయవచ్చు. అందుకే సాధారణంగా సెల్ వోల్టేజీ 4.2కు చేరి, కరెంటు సన్నగిల్లాక సర్క్యూట్ ఛార్జింగ్‌ను ఆపేస్తుంది. వీటికి స్వల్ప కరెంటు అవసరమయ్యేది ఆరంభంలోనే. సెల్ సుమారు 3 వోల్టుల దిగువకు పడిపోతే, కోలుకునేదాకా నెమ్మదిగానే ఛార్జ్ చేస్తారు. పూర్తిగా ఖాళీ అయిన ఫోన్ ఛార్జర్ పెట్టిన వెంటనే వెలగకపోవడానికి ఇదీ ఒక కారణం.