చాకు మీద లేని పేరు

పాత మడత చాకు చేతికి దొరికితే, ఈ వేట అలవాటైనవాళ్ళు ముందు పదును చూడరు. బ్లేడు తెరిచి, పిడిలోకి దిగే చోట పదును పెట్టని ఆ చిన్న ముక్కని బొటనవేలితో తుడిచి భూతద్దం పెడతారు. దాన్ని టాంగ్ అంటారు. చేసిన కంపెనీ ముద్ర అక్కడే ఉంటుంది. ఇంగ్లండు సంతల్లో, పాత సామాన్ల కొట్లలో తుప్పు పట్టిన చెంచాల మధ్య పడి ఉన్న షెఫీల్డ్ చాకుకి అదే జాతకం.

షెఫీల్డ్‌లో ఈ ముద్రలకి పెద్ద చరిత్రే ఉంది. 1624లో ఇంగ్లండు పార్లమెంటు చట్టంతో అక్కడ కత్తులు చేసేవాళ్ళ సంఘం ఏర్పడింది. ఎవరి గుర్తు ఎవరిదో నమోదు చేయడం దాని పనుల్లో ఒకటి. జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీది నక్షత్రం, మాల్టా శిలువ. దాని చాకు మీద కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం నాటిది, అంటే 1901కి ముందుదని లెక్క.

ఊరి పేరు పక్కన దేశం పేరు చేరడం వెనక వ్యాపారుల గొడవ ఉంది. చవక జర్మన్ సరుకు మీద షెఫీల్డ్ పేరు కొట్టి అమ్ముతున్నారని అక్కడివాళ్ళు గగ్గోలు పెట్టారు. 1887లో బ్రిటన్ సరుకు ముద్రల చట్టం తెచ్చింది. ‘మేడ్ ఇన్ జర్మనీ’ అన్న మాట అలా వాడుకలోకొచ్చింది. అవమానంగా తగిలించిన ఆ బిళ్ళే తర్వాత జర్మన్లకి గొప్పయింది, అది వేరే కథ. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టంతో అమెరికా కూడా దిగుమతుల మీద దేశం పేరు ఉండాల్సిందేనంది. అందుకే ‘ఇంగ్లండ్’ అని ఉన్న చాకుని సాధారణంగా 1891 తర్వాతదిగా లెక్కేస్తారు. ఆ మాట లేనంత మాత్రాన అంతకంటే పాతదని కాదు. సొంత దేశంలో అమ్మే సరుకుకి ఆ నిబంధనతో పనిలేదు.

ఇంత వివరంగా మాట్లాడే ముద్ర, చేసిన మనిషి గురించి మాత్రం నోరు విప్పదు. ఒక్క చాకు వెనక ఇనుము సాగగొట్టేవాడు, సాన పట్టేవాడు, పిడి బిగించేవాడు ఇలా ఎన్నో చేతులున్నాయి. చాలామంది చిన్న గదో, ఒక సానరాయో అద్దెకి తీసుకుని పని చేసేవాళ్ళు. ముద్ర మాత్రం కంపెనీది. సాన పట్టేవాళ్ళు ఇసుకరాయి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడై పోయేవాళ్ళు. పొడిగా సాన పట్టేవాళ్ళ సగటు ఆయుష్షు 35 ఏళ్ళు కూడా కష్టమని, తడి సాన మీద పనిచేసేవాళ్ళు 45 దాటడం అరుదని ఒక షెఫీల్డ్ డాక్టరు చెప్పిన లెక్కని ఎంగెల్స్ 1845లో తన పుస్తకంలో ఎత్తి చూపించాడు.

పిడి సంగతీ అంతే. గరుకుగా, గోధుమ రంగులో ఉండే ఖరీదైన కొమ్ము పిడుల్లో చాలావాటికి ముడిసరుకు మన దేశపు కణుజులు, అంటే సాంబార్ దుప్పులు, రాల్చిన కొమ్ములే. 1990ల చివర్లో మన ప్రభుత్వం ఎగుమతి ఆపేదాకా ఆ కొమ్ము సముద్రాలు దాటింది. పిడి ఇక్కడి అడవిది, పేరు షెఫీల్డ్‌ది.

సేకరించేవాళ్ళు వాడని చాకుకి ఎక్కువ ధర పెడతారు. సాన పట్టీ పట్టీ సన్నబడ్డ బ్లేడుని పక్కన పడేస్తారు. మార్కెట్ లెక్కలో అది సబబే. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. అమ్మేవాళ్ళు మెరుపు కోసం మోటారు చక్రం మీద బ్లేడుని రుద్దేస్తారు. ముద్ర పలచబడుతుంది, దాంతోపాటు ఇంకోటీ పోతుంది. పాత బ్లేడుని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి, వెన్ను నుంచి పదును దాకా సన్నటి గీతలు కనిపిస్తాయి. సాన పట్టినవాడి చెయ్యి కదిలిన జాడ అది. ఆ మనిషి పేరు చాకు మీద ఎక్కడా లేదు, మిగిలింది ఆ గీతలే. ఒక నూనె చుక్క, మెత్తటి గుడ్డ చాలు. మెరవకపోతే పోనివ్వండి.