ఊరు విడిచిన మగాళ్లకు ఇంటి గ్రీటింగు

నిజామాబాద్ జిల్లా రుద్రూర్ చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర చెప్పమంటే ఎవరైనా నీళ్ల దగ్గరే మొదలుపెడతారు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ పారినంత మేరా వరి, చెరకు వచ్చాయి. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. రుద్రూర్‌లోనూ చెరకు, వరి పరిశోధన కేంద్రం వెలిసింది. అంతదాకా వర్ని మండలంలో ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరులో సొంతంగా మండల కేంద్రమైంది.

నీళ్లు వచ్చాక మనుషుల రాకపోకలూ పెరిగాయి. కోస్తా జిల్లాల రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ ప్రాంతాల్లో భూములు కొన్నారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లకు ఇవాళ్టికీ ‘క్యాంపు’ అనే పేరు పోలేదు. ఇటు కాలువ నీళ్లందని ఊళ్ల నుంచి మగవాళ్లు బతుకుదెరువుకు బయటికి నడిచారు. ముందు బొంబాయి, భీవండి, షోలాపూర్. 1970ల తర్వాత దుబాయ్, మస్కట్, సౌదీ. తెలంగాణ నుంచి బొంబాయి దారి అంతకన్నా పాతది. పందొమ్మిదో శతాబ్దంలో నిజాం రాజ్యం నుంచి వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కామాటీలు అనేవాళ్లు. కామాఠీపురా పేటకు ఆ పేరు వాళ్లవల్లే వచ్చింది.

మగవాళ్లకు చేత్తో గ్రీటింగు చేసి పంపడం ఈ ప్రాంతంలో ఎందుకు పుట్టిందో ఇక్కడే తెలుస్తుంది. ఎదురుగా ఉన్న నాన్నకో అన్నకో శుభాకాంక్షలు కాగితం మీద రాసివ్వడం మన ఇళ్లలో ఎన్నడూ లేదు. మనిషి దూరమైతేనే కాగితం అవసరమైంది.

దానికి ముందు టపా నడవాలి. హైదరాబాద్ రాజ్యానికి సొంత టపా ఉండేది. 1869 నుంచి సొంత స్టాంపులూ ఉండేవి. అవి రాజ్యం ఎల్లలు దాటితే చెల్లేవి కావు. బొంబాయికి రాయాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపే అతికించాలి. బ్రిటిష్ ఇండియా టపా 1879లో పోస్టుకార్డును కాలణాకు అమ్మింది, 1880లో మనియార్డర్ తెచ్చింది. నిజాం టపా 1950లో భారత తపాలా శాఖలో కలిసిపోయింది. అదే ఏడు ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. మనియార్డర్ ఫారంలో కబురు రాసేందుకు చిన్న జాగా ఉండేది. మగవాళ్ల మాట డబ్బుతోపాటు ఆ జాగాలో ఇమిడి ఇంటికి చేరేది. ఇంటి నుంచి వాళ్లకు వెళ్లే మాటకు మాత్రం వేరే కాగితం వెతుక్కోవాల్సి వచ్చేది.

కాగితం తయారీ తెలంగాణకు కొత్త పనేం కాదు. జగిత్యాల దగ్గరి కోరుట్లలో చేతి కాగితం చేసేవాళ్లు. ముతకగా, గట్టిగా ఉండే ఆ కాగితం మీదే పట్వారీలు లెక్కలు రాసుకునేవాళ్లు. నిజాం రాజ్యంలోనే ఔరంగాబాద్ వైపు దౌలతాబాద్ పక్కన ఒక ఊరు ఊరంతా కాగితం చేసి కాగజీపురా అనిపించుకుంది. మిల్లు కాగితం వచ్చి ఈ పనిని దెబ్బతీసింది. గాంధీ 1934లో పెట్టించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం చేతి కాగితాన్ని మళ్లీ పైకి తేవాలని చూసింది. ఇవాళ బజారులో చేతి కాగితం మీద అచ్చయిన పెళ్లికార్డులు దొరుకుతున్నాయంటే వాటి వెనక ఆ ప్రయత్నం ఉంది.

శుభవార్తను కాగితం మీద పంపే అలవాటు మనకు పెళ్లితోనే వచ్చింది. శుభలేఖ అచ్చాఫీసులో పడ్డా, ఇంటికొచ్చాక ఆడవాళ్ల చేతుల్లోంచి పోవాల్సిందే. తడిపిన పసుపులో వేలు ముంచి నాలుగు మూలలా అద్దుతారు, నడుమ కుంకుమ బొట్టు పెడతారు. పైన రాసే పేరు మాత్రం అందుకునే ఇంటి యజమానిదే, అంటే మగవాడిదే. మహారాజశ్రీ, బ్రహ్మశ్రీ అంటూ మొదలయ్యే పిలుపులన్నీ ఆయనకే. ఆ లెక్కన మన దగ్గర చెయ్యి పడిన మొదటి శుభాకాంక్షల కార్డు శుభలేఖే.

లండన్‌లో 1843లో హెన్రీ కోల్ వేయించిన మొదటి క్రిస్మస్ కార్డు కథా దీనికి మరీ దూరం కాదు. జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ బొమ్మ గీస్తే, వెయ్యి దాకా ప్రతులు రాతి అచ్చు తీసి, వాటికి చేత్తో రంగులు వేయించారు. కార్డు వెల ఒక షిల్లింగు. అమెరికాలో 1910లో మొదలైన ఫాదర్స్ డే 1972లో అధికారిక పండుగ అయింది. తండ్రికంటూ విడిగా కార్డు అమ్మే వ్యాపారానికి అక్కడ ఆ రోజు కలిసొచ్చింది. మన దేశంలో 1979లో మొదలైన ఆర్చీస్ దుకాణాలు ఆ సరుకును పట్టణాలకు తెచ్చాయి. బాన్సువాడ, బోధన్ లాంటి చోట్ల డిసెంబరు వచ్చిందంటే కిరాణా కొట్టు ముందు తాడు కట్టి గ్రీటింగులు వేలాడదీసేవాళ్లు. గులాబీలు, దేవుళ్లు, చిరంజీవి, నాగార్జున.

కొనడానికి పైసలు లేని పిల్లలు సొంతంగా చేసుకునేవాళ్లు. 1980, 90ల్లో చదువుకున్నవాళ్లకు ఈ పని ఎట్లా చేయాలో చెప్పనక్కర్లేదు. డ్రాయింగ్ షీటు కొని నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదాన్ని నడిమికి మడిచేవాళ్లు. దారాన్ని సిరాలో ముంచి, మడత నడుమ మెలికలుగా పెట్టి, పైన పుస్తకం అదిమి, కొస పట్టుకుని లాగేవాళ్లు. విప్పితే రెండు వైపులా ఒకేలాంటి పువ్వు. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే చుక్కలాంటి ముద్ర. అక్షరాల అంచున జిగురు రాసి చమ్కీ చల్లి, కింద పడ్డది మళ్లీ ఎత్తి పొట్లం కట్టుకునేవాళ్లు. జిగురు లేకపోతే అన్నం మెతుకులే దిక్కు. వీటిలో ఎక్కువ లెక్కల సారుకో డ్రిల్లు సారుకో చేరేవి, మిగిలినవి ఊళ్లో లేని నాన్నకో మేనమామకో టపాలో వెళ్లేవి. కవరు అతికించకుండా నాలుకను లోపలికి దోపి ‘బుక్ పోస్ట్’ అని రాస్తే తక్కువ స్టాంపుతో సరిపోయేది.

అన్నదమ్ములకు వెళ్లేది రాఖీ కవరు. తెలంగాణలో రాఖీ పున్నానికి ఉన్నంత పట్టింపు మరి కొన్ని పండుగలకే ఉంటుంది. అదే రోజు పద్మశాలీలకు నూలు పున్నం. మగవాళ్లు కొత్త జంధ్యం వేసుకుంటారు. 1905 అక్టోబరు 16న బెంగాల్ విభజనకు నిరసనగా టాగూర్ రాఖీలు కట్టించి ఈ దారానికి రాజకీయ బలం కూడా ఇచ్చాడు. ఇక్కడి ఆడబిడ్డ చేతిలో అది ఇంటి వస్తువుగానే ఉండిపోయింది. పట్టు దారం, నడుమ స్పాంజి పువ్వు, కాగితంలో మడిచిన కుంకుమ, అక్షింతలు, నాలుగు ముక్కల ఉత్తరం. దీన్ని గ్రీటింగు అని ఎవరూ అనలేదు కానీ, ఒక మగమనిషి కోసం చేత్తో చేసి, శుభం కోరి పంపినదాన్ని మరేమనాలి?

గల్ఫ్ దారి పట్టాక ఈ పని ఇంకా చిక్కైంది. ఇన్‌లాండ్ లెటర్లోనూ ఏరోగ్రామ్‌లోనూ లోపల ఏదీ పెట్టనివ్వరు. రాఖీ కావాలన్నా, బిడ్డ గీసిన బొమ్మ కావాలన్నా కవరే కొనాలి, తూకం చూసి స్టాంపు వేయాలి. అందుకే సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లేవాళ్ల పెట్టెలో తొక్కుల సీసాలు, మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు, వాటి మధ్యన నలగకుండా నోటుబుక్కులో పెట్టిన గ్రీటింగు. చదువురాని తల్లి చెబితే బడికి పోయే బిడ్డ రాసేది. ఆ బిడ్డకు ఎక్కువ రాయడం రాకపోతే మిగిలిన జాగాలో ఇల్లు, సూర్యుడు, ఎగిరే విమానం గీసేది. 1949లో యూనిసెఫ్ మొదటి గ్రీటింగు కార్డు కూడా అట్లాంటి చేతిదే. యుద్ధం తర్వాత సాయం అందుకున్న చెకోస్లొవాకియాలోని ఏడేళ్ల పాప కృతజ్ఞతగా వేసి పంపిన బొమ్మ అది.

ఊళ్లోకి ఎస్టీడీ బూత్ రావడంతో ఉత్తరం తగ్గింది. సెల్‌ఫోన్‌తో గ్రీటింగు తగ్గింది. శుభాకాంక్షలకు ముందే అచ్చువేసిన వాక్యాలు, వాటికి నంబర్లు పెట్టుకున్న టెలిగ్రామ్ 2013 జూలైలో ఆగిపోయింది. తాడు మీద గ్రీటింగులు వేలాడే కొట్లు కూడా దాదాపు లేవు. రాఖీ కవరు ఒక్కటే నిలబడింది. తపాలా శాఖ ఇప్పటికీ ఏటా ఆ పండుగ ముందు తడవని ప్రత్యేక కవర్లు అమ్ముతోంది.

చరిత్ర రాసేవాళ్లు ప్రాజెక్టుల, ఫ్యాక్టరీల కాగితాలు భద్రంగానే చూసుకున్నారు. ఇంటి కాగితాలకు ఆ భాగ్యం దక్కలేదు. మీ ట్రంకు పెట్టెలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన గ్రీటింగో, పసుపు వెలిసిన శుభలేఖో, స్పాంజి రాఖీ ఉన్న కవరో మిగిలి ఉంటే పారేయకండి. వెనక పెన్సిల్‌తో ఎవరు చేశారో, ఎవరికి పంపారో, ఏ ఊరో, ఏ ఏడో రాసి, ఫోటో తీసి, ఊరి బడికో గ్రంథాలయానికో ఒక ప్రతి ఇవ్వండి.