పట్టిక నుండి ఆబ్జెక్టుకు: రిలేషనల్ ప్రశ్నాఫలితాల పునర్నిర్మాణ చరిత్ర

1. ఉపోద్ఘాతం:

కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక ఉద్యోగి వివరం ఒకదానిలో ఒకటి ఒదిగిన రూపంలో ఉంటుంది. ఉద్యోగిలో పిల్లల జాబితా, చేసిన కొలువుల జాబితా, ఒక్కొక్క కొలువులో జీతాల జాబితా ఇమిడి ఉంటాయి. రిలేషనల్ డేటాబేస్ మాత్రం ప్రశ్నకు సమాధానంగా చదునైన వరుసలనే ఇస్తుంది. ఆ వరుసలను తిరిగి ఒదిగిన ఆబ్జెక్టులుగా కట్టడం చిన్న సాంకేతిక విషయంగా పరిగణింపబడుతోంది. నిజానికి అది 1970లో బుద్ధిపూర్వకంగా చేసిన ఒక ఎంపికకు చెల్లిస్తున్న మూల్యమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చదును చేయడంలోని ఆంతర్యం:

1960లలో ఐబీఎం వారి ఐఎంఎస్ దత్తాంశాన్ని వృక్షరూపంలోనూ, చార్లెస్ బాక్‌మన్ రూపొందించిన ఇంటిగ్రేటెడ్ డేటా స్టోర్ వలరూపంలోనూ అమర్చాయి. ఒక రికార్డు నుండి మరొకదానికి వెళ్లే దారి ప్రోగ్రామరుకు తెలిసి ఉండాలి. బాక్‌మన్ తన 1973 ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ప్రోగ్రామరును నావికునిగా భావించాడు.

ఐబీఎం పరిశోధకుడు ఇ. ఎఫ్. కాడ్ దృష్టి ఇందుకు భిన్నమైనది. దారి మారితే ప్రోగ్రాము చెడిపోవడమే అతడు గుర్తించిన దోషం. 1970 జూన్‌లో ప్రచురించిన పత్రంలో అతడు ఉద్యోగి ఉదాహరణనే తీసుకొని, పై అంచె కీని కింది అంచెలకు చేర్చి, ఒదిగిన రూపాన్ని నాలుగు చదునైన పట్టికలుగా విడదీశాడు. దీనినే నార్మలైజేషన్ అన్నాడు. దారి గురించిన జ్ఞానం ప్రోగ్రామరుకు అనవసరమైంది. అయితే రూపాన్ని తిరిగి నిలబెట్టే భారం అతనిపైనే పడింది.

3. పునర్నిర్మాణంలోని చిక్కులు:

ఒక ఉద్యోగికి ఇద్దరు పిల్లలు, మూడు కొలువులు ఉన్నాయనుకుంటే, మూడు పట్టికలను ఒకేసారి జాయిన్ చేసినప్పుడు ఆరు వరుసలు వస్తాయి. ఏ బిడ్డకూ ఏ కొలువుతోనూ సంబంధం లేదు. అయినా ప్రతి జంటా ఒక వరుస అవుతుంది. జీతాలను కూడా ఇలాగే కలిపి మొత్తం కూడితే జీతం రెట్టింపుగా కనిపిస్తుంది. పిల్లలు లేని ఉద్యోగి సాధారణ జాయిన్‌లో అదృశ్యమవుతాడు. ఔటర్ జాయిన్ వాడితే మిగులుతాడు గాని, శూన్య విలువల వరుసను బిడ్డగా లెక్కించకుండా ప్రోగ్రామరు జాగ్రత్తపడాలి.

జాయిన్ మానివేసి ఉద్యోగికొక ప్రశ్న వేస్తే, నూరుగురు ఉద్యోగుల పిల్లల కోసం నూటొక్క ప్రశ్నలు అవసరమవుతాయి. ప్రోగ్రామింగ్ భాషకూ డేటాబేసుకూ మధ్య గల ఈ పొసగనితనాన్ని సూచించడానికి 1980లలో విద్యుత్ శాస్త్రం నుండి ‘ఇంపీడెన్స్ మిస్‌మ్యాచ్’ అనే పదబంధాన్ని తెచ్చుకున్నారు.

4. పరిష్కార మార్గాలు:

4.1 పట్టికనే మార్చడం: పట్టిక గడిలో మరొక పట్టికను అనుమతించాలని 1977లో మకినౌచి ప్రతిపాదించాడు. 1982లో యేష్కె, షెక్ ఇటువంటి పట్టికల బీజగణితాన్ని చర్చించారు. ఒదిగించడం, విప్పడం అనే రెండు క్రియలు ఈ ధోరణికి మూలాధారాలు. అయితే విప్పినదాన్ని మళ్లీ ఒదిగిస్తే ఎల్లప్పుడూ మొదటి రూపం రాదు. ఖాళీ జాబితా విప్పినప్పుడే నశిస్తుంది. పిల్లలు లేని ఉద్యోగి సమస్య ఇక్కడా ఎదురవుతుంది.

4.2 మధ్యవర్తి పొరను కల్పించడం: 2001లో మొదలైన హైబర్నేట్ వంటి సాధనాలు వరుసలను కీలను బట్టి గుర్తించి ఒకే ఆబ్జెక్టుగా కూరుస్తాయి. పని సులువైంది, కాని అవసరమైనప్పుడే దత్తాంశాన్ని తెచ్చే పద్ధతిలో నూటొక్క ప్రశ్నలు ప్రోగ్రామరు కంటబడకుండానే నడిచే ప్రమాదం ఏర్పడింది.

4.3 ప్రశ్నను విభజించడం: 2014లో చెనీ, లిండ్లీ, వాడ్లర్ ‘క్వెరీ ష్రెడింగ్’ పద్ధతిని వివరించారు. ఒదిగిన ఫలితాన్ని కోరే ప్రశ్నను చదునైన ప్రశ్నలుగా విడగొట్టి, వచ్చిన ఫలితాలను కుడతారు. ఎన్ని ప్రశ్నలన్నది దత్తాంశ పరిమాణంపై గాక, ఫలితంలో ఎన్ని జాబితాలు ఒదిగి ఉన్నాయన్నదానిపై ఆధారపడుతుంది. ఉద్యోగులు, పిల్లలు, కొలువులు, జీతాలు కలిపి నాలుగు జాబితాలు కనుక నాలుగు ప్రశ్నలు చాలు. ఉద్యోగులు నూరుగురైనా లక్షమందైనా ఈ సంఖ్య మారదు.

5. ముగింపు:

కాడ్ విడదీసిన పట్టికలు నాలుగు; నాలుగు దశాబ్దాల తర్వాత తిరిగి కట్టడానికి చాలిన ప్రశ్నలూ నాలుగే. ఏ అంచెకు ఆ అంచెను విడిగా తెచ్చుకొని కీల ఆధారంగా కలపడమే పునర్నిర్మాణానికి నమ్మదగిన మార్గమని ఈ సామ్యం సూచిస్తోంది. చదును చేయడం వల్ల రూపం నశించలేదు. అది కీలలో భద్రంగా ఉంది. అంచెలన్నింటినీ ఒకే జాయిన్‌లో కుదించినప్పుడే అది చెదిరిపోతోంది. రిలేషనల్ నమూనాకు ఆపాదించే లోపంలో అధికభాగం దాని ఫలితాలను చదివే పద్ధతికి చెందినదని ఈ చరిత్ర వల్ల తెలుస్తోంది.