పందిరి గుంజలు, పనిముట్ల కర్రలకు రక్షణ పూతలు

దొండ, బీర, కాకర పందిళ్లకు వేసిన సర్వి, జామాయిల్ గుంజలు పైనంతా గట్టిగానే ఉండి నేల మట్టం దగ్గర పుచ్చిపోతాయి. కాపు బరువు మీద గాలివాన వస్తే అక్కడే విరిగి పందిరి మొత్తం ఒరుగుతుంది. తేమ, గాలి రెండూ కలిసి అందేది నేల మట్టానికి పైన, కింద జానెడు మేర. కుళ్లు ముందు పట్టేది అక్కడే. అందువల్ల పూత ఖర్చు ముందుగా ఆ భాగం మీదే పెట్టాలి.

పచ్చి కర్రకు పూత పూయవద్దు. లోపలి తేమ బయటకు పోలేక పూత పొక్కులు లేచి ఊడిపోతుంది, కర్ర లోపల కుళ్లుతుంది. బెరడు పూర్తిగా ఒలిచి, నేలకు తగలకుండా నీడలో పేర్చి, రెండు మూడు నెలలైనా ఆరబెట్టాలి.

మట్టిలో ఉండే భాగంతో పాటు నేలపైకి అడుగు వరకు తారు రెండు సార్లు పూయాలి. మొదటి పూత ఆరాకే రెండోది. కోసిన చివర నీటిని ఎక్కువగా పీలుస్తుంది కనుక అడుగు భాగాన్ని వదలవద్దు. పూత వేశాక కర్రను చెక్కితే ఆ చోట మళ్లీ పూయాలి. పలాస వైపు జీడి పిక్కల పెంకు నూనె కూడా వాడవచ్చు. అయితే అది చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, చేతి తొడుగులు తప్పనిసరి. గుంజ మొదట్లో నీరు నిలవకుండా మట్టి ఎగదోయాలి.

మెకానిక్ షాపులో ఊరికే వస్తుందని చాలామంది కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తారు. పశువుల పాకలో మాత్రం అసలు వద్దు. అందులో సీసం వంటి విషాలు ఉండవచ్చు, పశువులు కర్రను నాకుతాయి. గాటి కర్రలకు తారు కూడా పనికిరాదు.

పార, గొడ్డలి పిడులకు పెయింట్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె గింజల నూనె, మంచిది. పలుచగా రాసి, పావుగంట తర్వాత మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. మందంగా రాస్తే జిగట పోదు. వేరుశనగ నూనె, ఆముదం దీనికి బదులు కావు, అవి ఆరి గట్టిపడవు.

తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పడేయవద్దు. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. గడ్డివాము దగ్గరైతే చెప్పనక్కర్లేదు. నీటిలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరచి ఆరాకే పారవేయాలి.