పల్నాటికి సముద్రం ఎంత దూరం?

పల్నాడు అనగానే నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపోరు, నాపరాళ్లు, మిర్చి గుర్తొస్తాయి. సముద్రం ఎవరికీ గుర్తు రాదు. మాచర్ల వాళ్ల నడిగితే మా సాగరం నాగార్జునసాగరే కదండీ అంటారు. అయినా 2022 ఏప్రిల్ 4 దాకా మాచర్లా, సూర్యలంకా ఒకే గుంటూరు జిల్లా. ఆ రోజు పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. తమాషా ఏంటంటే, మిగిలిన గుంటూరు జిల్లాకి కూడా తీరం లేకుండా పోయింది!

జిల్లాల గీతలు మొన్నటివి. పల్నాటికి సముద్రంతో చుట్టరికం చాలా పాతది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే మన నాగార్జునకొండ. తీరానికి ఇంత దూరంలో ఉన్న ఆ లోయలో తవ్వితే రోమన్ బంగారు నాణేలు దొరికాయి. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో తామ్రపర్ణి, అంటే శ్రీలంక, భిక్షువుల ప్రస్తావన ఉంది. సింహళ విహారం పేరుంది. కంటకశిల పేరూ ఉంది. అదే కృష్ణా జిల్లా ఘంటసాల అంటారు చరిత్రకారులు. టోలెమీ దాన్ని వర్తక కేంద్రంగా రాశాడు. ఓడ దిగినవాళ్లు లోపలికి పల్నాటి దాకా వచ్చేవాళ్లన్నమాట.

మరి అప్పట్లో పిల్లల్ని తీసుకుని సరదాగా సముద్రానికి వెళ్లేవాళ్లా? నాకైతే అనుమానమే. కార్తీక పౌర్ణమి స్నానం వేరు, అది పుణ్యం కోసం. మిగతా రోజుల్లో సముద్రమంటే బేరం, లేదా భయం. ఆ భయం ఎలాంటిదో మోటుపల్లిలో 1244 నాటి కాకతి గణపతిదేవుడి అభయశాసనం చూస్తే తెలుస్తుంది. తుఫానుకి కొట్టుకొచ్చిన, పగిలిపోయిన ఓడల్లోని సరుకంతా అంతకు ముందు రాజులు లాగేసుకునేవారట. గణపతిదేవుడు అది మాన్పించి, సుంకం ముప్ఫయ్యో వంతు మాత్రమే అన్నాడు. మన భాషలో చెప్పాలంటే ఇన్వెస్టర్ ఫ్రెండ్లీ పాలసీ, రాతి మీద!

ఫలితం మార్కో పోలో రాతల్లో కనిపిస్తుంది. ఆయన ముత్ఫిలి అన్నది ఈ రేవునే. సాలెగూడంత సన్నటి బట్టల గురించీ, న్యాయంగా పాలించే రాణి గురించీ రాశాడు. ఆ రాణి రుద్రమదేవేనంటారు. కాకపోతే ఆయన ఆమెని గణపతిదేవుడి కూతురని కాక, పాత రాజు భార్య అని రాశాడు. డాక్యుమెంటేషన్లో బగ్గులు అప్పుడూ ఉన్నాయి :-)

ఇప్పుడు నరసరావుపేట నుంచి చిలకలూరిపేట, పర్చూరు, చీరాల మీదుగా వాడరేవుకి నేరుగా జాతీయ రహదారి 167ఏ ఉంది. లాంగ్ వీకెండ్ వస్తే కార్లన్నీ అటే. పెద్దవాళ్లకీ పిల్లలకీ ఇసుకలో ఆడుకోడానికి సూర్యలంకే నయం అని నా ఓటు.

ఒక్క విషయంలో మాత్రం మనవాళ్లు మొండి. సాగర్ కాలవలో ఈత నేర్చుకున్న కుర్రాళ్లు అదే ధైర్యంతో లోపలికి పోతారు. కాలవలో నీళ్లు ఒకవైపే పారతాయి, గట్టు రెండు బారల్లో దొరుకుతుంది. సముద్రంలో అల ఒడ్డుకి తోస్తుంటే, పక్కనే ఇంకో పాయ లోపలికి లాగుతుంది. దానికి ఎదురీదితే గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రాని పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి, వాళ్ల బాబాయి ఎంత భరోసా ఇచ్చినా సరే.

వాడరేవు దాకా వెళ్లినవాళ్లు ఇంకాస్త దక్షిణానికి పోతే మోటుపల్లి వస్తుంది. వీరభద్రస్వామి గుడిలో ఆ శాసన స్తంభం ఉంది. అక్కడ బజ్జీల బండ్లుండవు, జనం కూడా పెద్దగా ఉండరు.