అంగడి మాట, ఒడంబడిక మాట

ప్రొద్దుటూరునకు పసిడిపురి యనియు, రెండవ బొంబాయి యనియు రెండు బిరుదములు కలవు. వీనిని ఏ ప్రభువును శాసనము చెక్కించి యీయలేదు. బంగారపు అంగళ్లలో, ప్రత్తి వ్యాపారములో, నూనె మిల్లులలో ఆరితేరిన వర్తకుల నోట నానిన ప్రకటనలివి. ఆ పేరు నిలుపుకొనుటకై ఊరు పడిన శ్రమయే దాని ఆధునిక చరిత్ర మనిన అతిశయోక్తి కాదు.

ఆ యూరనే వసించిన గడియారం వేంకట శేషశాస్త్రిగారు శివభారతమును, దుర్భాక రాజశేఖర శతావధానిగారు రాణాప్రతాపసింహ చరిత్రమును రచించి, జాతికి ఉత్తేజము గూర్పదగిన నాయకులను మహారాష్ట్రమునుండియు మేవాడునుండియు తెచ్చి మనకిచ్చిరి. ఆ మహాకవుల యెడ నాకు అపారమగు భక్తి కలదు. అయినను, కావ్యము చదువ తీరిక లేక సంతకు వచ్చిపోవు జమ్మలమడుగు రైతునకు దినదినమును ధైర్యము చెప్పినది అంగడి మాటయే.

అట్టి మాటకు తెలుగునాట గౌరవము తెచ్చినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించి, సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టి, 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసున దానిని దినపత్రికగా వెలయించిన ఆ మహనీయుడు, ప్రకటనను పరీక్షకు నిలిచెడి వాగ్దానముగా చేసెను. సీసామూత త్రిప్పి, పసుపువన్నె లేపనమును వ్రేలికొనతో తీసి కణతలకు రాచుకొన్నవాడు ఆ మాటలోని నిజమును గడియలో తేల్చుకొనును. నొప్పి తగ్గకున్న మరల కొనడు. ఆ నగరముల మాట సీమకు చేరుటకు దారియు కలదు: మదరాసు–బొంబాయి రైలుమార్గము ఎఱ్ఱగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోవుటచే, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలకు ఆ రెండు మహానగరములతోడి రాకపోకలకు ఆ స్టేషనులే వాకిళ్లయ్యెను.

ఆ పంతులుగారి మదరాసు నివాసమగు శ్రీబాగులోనే, 1937 నవంబరు 16వ తేదీన, సర్కారు జిల్లాల నాయకులును రాయలసీమ నాయకులును ఒడంబడిక చేసికొనిరి. కడప కోటిరెడ్డిగారు సీమపక్షమున అందు పాల్గొనిరి. రాబోవు ఆంధ్రరాష్ట్రమున రాజధానిగాని హైకోర్టుగాని సీమకు దక్కవలెననియు, అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము వెలయవలెననియు, తుంగభద్ర, కృష్ణ, పెన్నల నీటి వినియోగమున పదేండ్లో, అవసరమైనచో అంతకు మించియో సీమకే అగ్రస్థానమీయవలెననియు అందలి మాట. మఱుసటి యేడు పంతులుగారు కీర్తిశేషులైరి. 1953లో కర్నూలు రాజధాని యయ్యెను. 1956లో ఆ గౌరవము హైదరాబాదునకు పోయెను. ఇక నీటిమాట! పెన్నయొడ్డున నుండియు ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల పల్లెలును, మెట్టచేల పులివెందులయు తరములు వేచినవి. గండికోట జలాశయము నిండుట మన కాలమునగాని చూడలేకపోతిమి.

ఆ పంతులుగారితో ముడివడిన రెండు మాటలలో మొదటిది తలనొప్పి తగ్గింతునని మాత్రమే చెప్పి, చెప్పినంత చేసెను. రెండవది నదులనే తెత్తునని పలికి, గడువు దాటినను జవాబు చెప్పలేదు. సామాన్యుడు నాయకుని ఉపన్యాసముకంటె గోడమీది సబ్బు ప్రకటననే ఎక్కువగా నమ్మెనేని, అది వాని అవివేకము కాదు. ఆ గోడనే చూడుడు: సున్నము కొట్టి, రంగుదారము లాగి గీతలు వేసి, నీలిరంగున వర్తకుడు వ్రాయించిన పేరు ఏండ్ల తరబడి నిలుచును, ఎన్నికల నినాదము మరుసటి ఎన్నికల సున్నముక్రింద అణగిపోవును.

కావున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పురపాలక కార్యాలయముల గోడలపై శ్రీబాగు ఒడంబడికను, తేదీతోను షరతులతోను పెద్దయక్షరములతో వ్రాయింపవలసినదిగా పౌరులను కోరుచున్నాను.